జింకకు తూటా లేదు, చేనుకు కాపలా లేదు
వేటకు తలుపు మూసిన చట్టం రైతుకు ఏ దారి చూపుతున్నది?

రెజిమెంటల్ బజార్ (సికింద్రాబాద్): "జింకకు ఏ తూటా పనిచేస్తది? ఎల్.జీ.నా, ఎస్.జీ.నా, లేక రైఫిలే కొనాల్నా?" పత్తి మొలకెత్తే రోజుల్లోనూ, కంది పూతకు వచ్చే రోజుల్లోనూ పల్లెల నుంచి పట్నం వచ్చే రైతుల నోట వినవచ్చే ప్రశ్న ఇది. రాత్రంతా చేను కాపలా కాసి, తెల్లవారేసరికి నాలుగు సాళ్లు కొరికేసి ఉంటే ఏ రైతుకైనా మొదట గుర్తుకు వచ్చేది తుపాకియే. కాని ఈ ప్రశ్నకు ఇప్పుడు ఏ దుకాణంలోనూ జవాబు లేదు. మన దేశంలో జింక కోసం అమ్మే తూటా అంటూ లేదు. జింకను కాల్చడానికి రైతుకు గాని, షికారీకి గాని హక్కు లేదు.

ఇది చాలామందికి తెలిసిన సంగతే. తెలియనిది ఒకటి ఉన్నది. తూటాల గురించి ఒకనాడు షికారీలు చెప్పుకున్న లెక్కలేమిటి, ఇప్పుడు ఆ లెక్కలు ఎవరికి అవసరం, చేను పోగొట్టుకున్న రైతుకు చట్టంలో ఉన్న దారులేమిటి అన్నది పల్లెల్లో స్పష్టంగా చెప్పేవారు తక్కువ. ఆ తెలియనితనం వల్లనే కరెంటు తీగలు, ఉచ్చులు, నాటు బాంబులు చేలలోకి వస్తున్నాయి. జంతువులతోపాటు మనుషులూ చచ్చిపోతున్నారు.

పటాలం బజారు, షికారు కాలం

సికింద్రాబాద్ 1806లో మూడవ నిజాం సికిందర్ జా పేరు మీద ఏర్పడిన దండు పట్టణం. పటాలాలు ఉన్నచోట పటాలానికి కావలసిన సరుకులు అమ్మే బజారు ఉండేది. రెజిమెంటల్ బజార్ అన్న పేరు ఆ కాలపు గుర్తు. 1874లో రైలు వచ్చిన తర్వాత ఈ ప్రాంతం స్టేషన్ పక్క బజారై, భువనగిరి, జనగామ, మెదక్, మహబూబ్‌నగర్ వైపుల నుంచి వచ్చిన జనానికి పట్నంలో మొదటి అడుగు పెట్టే తావులలో ఒకటి అయింది.

ఆ రోజుల్లో దండులోని తెల్ల అధికార్లకు సెలవు దొరికితే షికారే కాలక్షేపం. హైదరాబాద్ చుట్టూ ఉన్న మెట్ట మైదానాల్లో కృష్ణజింకలు మందలుగా తిరిగేవి. నిజాం ప్రభువులలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పులుల వేటకు పేరుబడినవాడు. 1902లో వైస్రాయ్ కర్జన్ దంపతులు వరంగల్ వైపు నెక్కొండ ప్రాంతంలో వేటాడి, చచ్చిన పులి పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో నేటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ ఫోటో తీసినవారు రాజా దీన్ దయాళ్ స్టూడియోవారు. ఆ స్టూడియో 1886లో సికింద్రాబాద్‌లోనే వెలసింది.

అంతమంది అన్నేళ్లు కాల్చిన ఫలితం అందరికీ తెలిసిందే. కృష్ణజింకను వేటాడటానికి రాజులు పెంచుకున్న చీతా మన దేశంలో అంతరించిపోయిందని 1952లో ప్రభుత్వమే ప్రకటించింది. 2022లో ఆఫ్రికా నుంచి చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో వదలవలసి వచ్చింది. నిజాం వేటమైదానం ఒకటి 1975లో జింకల పార్కుగా మారి, 1994లో జాతీయ పార్కు అయింది. వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి అదే. నిన్నటి వేటమైదానం నేడు జింకలకు ఆశ్రయం.

తూటాలలో తేడాలేమిటి?

షికారు చట్టబద్ధంగా ఉన్న రోజుల్లో జింకకు ఏ తూటా అన్నది పెద్ద చర్చ. ఈ లెక్కలు తెలిస్తే ఇప్పటి నియమాల అర్థం కూడా తెలుస్తుంది.

పల్లెల్లో ఎక్కువగా కనిపించేది పన్నెండు బోరు తుపాకి. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే ఒక్కొక్క గుండు పట్టే గొట్టం కనుక దానికి ఆ పేరు వచ్చింది. దీని తూటాలో ఒక గుండు గాక అనేక గుండ్లు ఉంటాయి. ఏడవ నంబరు, ఎనిమిదవ నంబరు తూటాలలో ఆవాలంత, జొన్నలంత గుండ్లు వందల కొద్దీ ఉంటాయి. అవి పిట్టలకు. ఎల్.జీ., ఎస్.జీ. తూటాలలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని పెద్ద గుండ్లు ఉంటాయి. ఇవి గాక ఒంటి గుండు తూటా ఉన్నది.

ఈ తుపాకి గుండ్లు దూరం పోయే కొద్దీ చెదిరిపోతాయి. ముప్పై నలభై గజాలు దాటితే ఎల్.జీ. గుండ్లలో ఒకటో రెండో మాత్రమే తగులుతాయి. అవి పొట్టలోనో తొడలోనో తగిలితే జంతువు అక్కడ పడదు. పారిపోయి, రెండు మూడు రోజులు బాధపడి, ఏ పొదలోనో చస్తుంది. చిన్న గుండ్లతో జింకను కొట్టడం ఇంకా అన్యాయం. చర్మం చిల్లులు పడుతుంది గాని ప్రాణం పోదు. అనుభవం గల షికారీలు దీనిని సిగ్గుమాలిన పనిగా భావించేవారు.

రైఫిల్ సంగతి వేరు. దాని గొట్టం లోపల మరలు ఉంటాయి. తూటా తిరుగుతూ తిన్నగా పోతుంది. మన దేశంలో సామాన్యుడికి లైసెన్సు మీద దొరికే రైఫిళ్లలో .315 ముఖ్యమైనది. ఈషాపూర్ ప్రభుత్వ కర్మాగారం తయారీ ఇది. దీని గుండు దాదాపు 16 గ్రాముల బరువు. బరువైన గుండు, మధ్యరకం వేగం. నూరు గజాల లోపు జింకకు, పందికి చాలునని పేరు. ఇది గాక .30-06 ఉన్నది. ఇది 1906లో అమెరికా సైన్యం తీసుకున్న తూటా. తేలికైన గుండు, ఎక్కువ వేగం, ఎక్కువ దూరం.

సైన్యంలో ఎంతోకాలం వాడిన .303 సామాన్యులకు ఎందుకు దొరకదు అన్న ప్రశ్న వస్తుంది. అందులో తెల్లదొరల భయం దాగి ఉన్నది. సైన్యం తూటా బజారులో దొరికితే, దొంగిలించిన సైనిక తుపాకులకు మందుగుండు దొరికినట్లేనని వారి అనుమానం. ఇరవయ్యవ శతాబ్దం మొదటి దశకంలో .450 రైఫిళ్లను ఇండియాలోకి రానివ్వకుండా నిషేధించారు. అందువల్ల ఇంగ్లండు తుపాకుల కంపెనీలు ఇండియా షికారీల కోసం .465, .470 వంటి కొత్త కొలతలు కనిపెట్టవలసి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చినా సైనిక కొలతలను సామాన్యులకు నిషేధించే పద్ధతి మన ఆయుధ చట్టంలో కొనసాగుతున్నది. అంటే మన దేశంలో తూటా ఎంపిక ఏనాడూ షికారీ ఇష్టం కాదు. ప్రభుత్వం అనుమతించిన వాటిలోనే ఏరుకోవాలి.

యుద్ధంలో నిషేధం, వేటలో నియమం

రైఫిల్ గుండులో ముఖ్యంగా రెండు రకాలు. మొత్తం గట్టి లోహపు తొడుగు ఉన్నది ఒకటి. ముక్కు దగ్గర మెత్తని సీసం బయటకు కనిపించేది రెండవది. గట్టి తొడుగు గుండు జంతువులోంచి సన్నని రంధ్రం చేసుకుని అవతలికి పోతుంది. మెత్తముక్కు గుండు తగిలిన వెంటనే పుట్టగొడుగులా విచ్చుకుని, లోపల పెద్ద గాయం చేసి, చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

ఈ మెత్తముక్కు గుండు చరిత్ర మన దేశంలోదే. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాలలో 1890ల చివర ఇలాంటి గుండ్లు సైన్యానికి తయారు చేశారు. అందుకే లోకమంతటా వాటికి డమ్‌డమ్ గుండ్లని పేరు. మనిషి శరీరాన్ని ఛిద్రం చేస్తున్నాయని 1899లో హేగ్ నగరంలో దేశాలు సమావేశమై యుద్ధంలో విచ్చుకునే గుండ్లను వాడరాదని ప్రకటించాయి.

విచిత్రమేమంటే యుద్ధంలో నిషేధించిన ఆ గుండునే జింకలవేటలో తప్పనిసరి చేసిన దేశాలున్నాయి. ఇంగ్లండులో 1991 జింకల చట్టం ప్రకారం పెద్ద జింకలను కాల్చే రైఫిల్ కాలిబరు 0.240 అంగుళాలకు తగ్గరాదు, గుండు గొట్టం విడిచేటప్పుడు దాని శక్తి 1,700 ఫుట్ పౌండ్లకు తగ్గరాదు, గుండు విచ్చుకునే రకమే కావాలి. కారణం దయ. కాల్చవలసి వస్తే జంతువు బాధపడకుండా వెంటనే చావాలని, గాయంతో పారిపోరాదని ఆ నియమం.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారి పిల్లలు సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు అక్కడ జింకల వేటకు లైసెన్సులు ఇస్తారని చెప్పగా విని, ఇక్కడెందుకు కూడదని అడిగేవారు లేకపోలేదు. అక్కడ నిజంగానే వేట ఉన్నది. కాని దానికి కాలం ఉన్నది, సంఖ్య ఉన్నది, తూటాకూ నియమం ఉన్నది. ఒహాయో, ఇల్లినాయిస్ వంటి చదును వ్యవసాయ రాష్ట్రాల్లో చాలాకాలం జింకల వేటకు మామూలు రైఫిళ్లను రానివ్వలేదు. షాట్‌గన్ ఒంటి గుండుతోనే వేటాడమన్నారు. చదును నేలలో రైఫిల్ గుండు ఎక్కడికి పోతుందో చెప్పలేమని, ఇళ్లున్నచోట అది ప్రమాదమని వారి భయం. 1937లో వచ్చిన ఒక చట్టం ప్రకారం అక్కడ అమ్మే పొడవు తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్ను వసూలుచేసి వన్యప్రాణుల రక్షణకే ఖర్చుపెడుతున్నారు. సీసపు గుండు తగిలిన కళేబరాలను తిన్న రాబందులు విషంతో చస్తున్నాయని కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జూలై నుంచి వేటలో సీసం గుండ్లనే నిషేధించింది.

అక్కడి వేట అంతమంది అధికారులు, అంత లెక్కల మధ్య సాగుతున్నది. పేరుకు మాత్రం తుపాకి ఇక్కడా అక్కడా ఒకటే.

చట్టం ఏమంటున్నది?

మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అటువంటి చట్టం కావాలని తీర్మానించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ చట్టం మొదట్లో కొన్ని జంతువులకు లైసెన్సు మీద వేటను అనుమతించింది. ఊళ్లలో పెద్దవారు కొందరు "అప్పట్లో పర్మిట్ ఉండేది" అనడం అబద్ధం కాదు. 1991లో సవరణ వచ్చి ఆ లైసెన్సులన్నీ రద్దయినాయి. అప్పటి నుంచి షెడ్యూళ్లలో చేరిన జంతువులను వేటాడటం పూర్తిగా నేరం.

వేట అంటే తుపాకితో కాల్చడమే కాదు. చట్టంలో ఆ మాటకు విశాలమైన అర్థం ఉన్నది. పట్టుకోవడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, వల పన్నడం, తరమడం, చివరకు ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. "నేను కాల్చలేదు, తీగ మాత్రమే కట్టాను" అన్న మాట కోర్టులో నిలవదు.

శిక్ష విషయానికి వస్తే మొదటి షెడ్యూలులోని జంతువును చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా పాతికవేలకు తగ్గదు. ఇతర నేరాలకు మూడేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని ఉంటాయి. ఆ పనికి లైసెన్సు లేని నాటు తుపాకి వాడితే ఆయుధ చట్టం కింద మరో కేసు. 2019 సవరణ ప్రకారం దానికి రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు.

పలుకుబడి ఉంటే తప్పించుకోవచ్చునన్న మాట ఊళ్లలో వినిపిస్తుంది. 1998లో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ దగ్గర కృష్ణజింకలను కాల్చిన కేసులో సినీనటుడు సల్మాన్‌ఖాన్‌కు 2018లో కింది కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది. ఆయన బెయిలు మీద బయటికి వచ్చి అప్పీలు చేసుకున్నాడు. అయినా ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరగక తప్పలేదు. మన దగ్గర 2017 మార్చిలో మహదేవపూర్ అడవిలో జరిగిన దుప్పుల వేట రాష్ట్రమంతటా చర్చకు వచ్చింది. పెద్ద లాయరును పెట్టుకోగల వారి సంగతే ఇట్లా ఉంటే, రెండెకరాల రైతు గతి ఏమిటో ఎవరికి వారు ఆలోచించుకోవలసిందే.

ఒక్క మినహాయింపు మాత్రం గుర్తుంచుకోదగినది. అడవి జంతువు మీదపడినప్పుడు తన ప్రాణం గాని, పక్కవాడి ప్రాణం గాని కాపాడుకోవడానికి సద్బుద్ధితో చంపితే అది నేరం కాదు. పంట కాపాడుకోవడం మాత్రం దీని కిందికి రాదు.

పంది వేరు, జింక వేరు

పంటలు పాడుచేసే జంతువులన్నీ రైతు కంటికి ఒకటే. చట్టం కంటికి కావు. ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు.

అడవి పంది చట్టంలో రెండవ షెడ్యూలులో ఉన్నది. రెండవ షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి గాని, ఆస్తికి గాని ప్రమాదమైనప్పుడు దానిని చంపించడానికి వన్యప్రాణి ప్రధాన అధికారి గాని, ఆయన అధికారమిచ్చిన వారు గాని రాతపూర్వకంగా అనుమతించవచ్చు. నిలబడి ఉన్న పంట కూడా ఆస్తి కిందికే వస్తుంది. తెలంగాణలో గుర్తింపు పొందిన షూటర్ల చేత పందులను కాల్పించే ఏర్పాటు ఈ నిబంధన కిందనే నడుస్తున్నది. కేరళలో 2022లో పంచాయతీ అధ్యక్షులకే ఈ అధికారం అప్పగించారు. చచ్చిన పందిని పంచనామా చేసి పూడ్చాలి గాని, పంచుకుని తినరాదు.

జింక సంగతి అట్లా కాదు. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉన్నది. మొదటి షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి ప్రమాదమైతేనో, బాగుకాని జబ్బుతో గాయంతో ఉంటేనో తప్ప చంపడానికి అనుమతి లేదు. పంట తిన్నదన్నది కారణంగా పనికిరాదు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. చుక్కల జింకను గాని, కణితిని గాని పంట పేరు చెప్పి రైతు కాల్చుకునే వీలు లేదు.

మనుబోతు, అనగా నీల్‌గాయ్, విషయంలో బీహారులో వేరొక పద్ధతి జరిగింది. 2015 డిసెంబరులో కేంద్రం ఆ రాష్ట్రంలోని కొన్ని జిల్లాల్లో మనుబోతులను, అడవి పందులను హానికర జంతువులుగా ప్రకటించింది. 2016 జూన్‌లో మొకామా ప్రాంతంలో రెండు వందలకు పైగా మనుబోతులను కాల్చివేశారు. కాల్చడానికి వెళ్లిన షూటర్లు మన హైదరాబాద్ వారు. అప్పుడు దేశమంతటా, కేంద్ర మంత్రుల మధ్య కూడా, పెద్ద వివాదం చెలరేగింది. పంట మిగిలిందని కొందరు, క్రూరమని కొందరు అన్నారు.

కాబట్టి నేడు తూటా ఎంపిక అన్నది షూటరుకు, అతనికి ఉత్తర్వు ఇచ్చిన అధికారికి సంబంధించిన విషయం. వారికి పాత షికారీల లెక్కలు ఇప్పటికీ పనికివస్తాయి. చేలలో రాత్రిపూట కాల్చేటప్పుడు గుండు వెనుక ఏమున్నదో చూడాలి. .30-06 వంటి రైఫిల్ గుండు గురి తప్పితే మూడు కిలోమీటర్లు దాటి పోగలదు. రాతినేల మీద తగిలితే పక్కకు ఎగిరిపోతుంది. చుట్టూ గుడిసెలు, మంచెలు, పశువుల కొట్టాలు ఉన్నచోట అది జంతువు కంటె మనిషికే ప్రమాదం. షూటరు వచ్చే రాత్రి ఊళ్లో దండోరా వేయించడం, పక్క చేలలో కాపలా పడుకునేవారిని తప్పించడం సర్పంచుల బాధ్యత.

తుపాకి దొరకనప్పుడు

లైసెన్సు తుపాకి తెచ్చుకోవడం తేలిక కాదు. అర్జీ, పోలీసు విచారణ, కలెక్టరు లేదా కమిషనరు ఉత్తర్వు కావాలి. తూటాలు కూడా లైసెన్సులో రాసిన సంఖ్యకు మించి కొనరాదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకిని ఠాణాలో అప్పగించాలి. ఇన్నీ అయిన తర్వాత కూడా ఆ తుపాకితో జింకను కాల్చరాదు. ఇక సామాన్య రైతు తుపాకి మాట మరచి తీగ దారి పడుతున్నాడు.

మోటారు స్తంభం నుంచి కొక్కెం తగిలించి, చేను చుట్టూ జానెడు ఎత్తున జి.ఐ. తీగ లాగుతారు. దానికి పందియే తగలాలని లేదు. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చిన కొడుకు తగలవచ్చు. గొర్రెల కాపరి తగలవచ్చు. తీగ తీయడం మరచిన రైతే తగలవచ్చు. ప్రతి పంట కాలంలోనూ ఏదో ఒక జిల్లాలో ఇటువంటి చావుల వార్తలు వస్తూనే ఉన్నాయి. 2019లో మంచిర్యాల జిల్లాలో ఇట్లాంటి తీగకు తగిలి పులి చచ్చింది. దాని చర్మం అమ్మబోయినవారు పట్టుబడినారు.

నాటు బాంబు మరీ దారుణం. పండులోనో పిండిముద్దలోనో మందు కూరి పెడతారు. కొరికిన జంతువు దవడ పగిలి, తినలేక తాగలేక చస్తుంది. 2020 మే నెలలో కేరళలోని పాలక్కాడ్ ప్రాంతంలో చూలుతో ఉన్న ఏనుగు ఒకటి ఇట్లాగే నోరు పగిలి, ఏటి నీళ్లలో నిలబడి ప్రాణం విడిచింది. పందికి పెట్టింది ఏనుగుకు తగిలింది. రేపు పశువుకు తగులుతుంది, ఎల్లుండి ఆడుకునే పిల్లవాడికి తగులుతుంది.

ఒక్క తూటాతో జంతువు బాధపడకుండా చావాలని లోకంలో కొన్ని దేశాలు గుండు బరువు, శక్తి లెక్కగట్టి చట్టాలు చేశాయి. మన దగ్గర తూటా వద్దని చట్టం చేశాము. అది సబబే. కాని తూటా బదులు రైతు చేతికి ఏమిచ్చామన్నది ప్రశ్న.

కాపాడబడిన జింక, కాపాడబడని చేను

చట్టం ఫలించిన చోటనే రైతు కష్టం ఎక్కువగా ఉండటం గమనించదగిన సంగతి. నారాయణపేట జిల్లాలో కృష్ణా, మాగనూరు, మక్తల్ మండలాల నల్లరేగళ్లలో కృష్ణజింకలు బాగా పెరిగినాయి. అక్కడ అడవి లేదు. జింకలు పత్తి చేలలో, కంది చేలలో తిరుగుతాయి. మొలక దశలో మంద ఒకటి పడితే రైతు మళ్లీ విత్తనం కొనవలసిందే. రాయలసీమలో రోళ్లపాడు అభయారణ్యం బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడింది. అక్కడ కాపలా పెట్టగా కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. రైతులకు అభయారణ్యమంటేనే కోపం వచ్చింది. పిట్ట కూడా నిలవలేదు.

జింకను కాపాడాలన్నది దేశం నిర్ణయం. దాని ఖర్చు మాత్రం ఆ నాలుగు ఊళ్ల రైతులు భరిస్తున్నారు. ఇదే ఈ సమస్యలోని అన్యాయం.

రైతు ముందున్న దారులు

రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటలకు హాని చేసే పక్షులు, జంతువుల మీద పరిశోధించే విభాగం ఉన్నది. వేరుశనగ చేను చుట్టూ ముళ్ల కుసుమ సాళ్లు వేస్తే పందులు లోనికి రావడానికి జంకుతాయని వారు చెబుతున్నారు. చేను చుట్టూ ఆముదం వేసే పాత అలవాటు కూడా కొంత మేలే. జింక ముళ్లకంటె ఎత్తుకు ఆగుతుంది. అది గంతువేసే జంతువు కనుక కంచె మనిషి ఎత్తుకు తగ్గితే లాభం లేదు.

సోలార్ కంచెకూ, కరెంటు తీగకూ తేడా అందరూ తెలుసుకోవాలి. సోలార్ కంచె బ్యాటరీ పెట్టె నుంచి క్షణానికొకసారి చిన్న దెబ్బ వదులుతుంది. జంతువు బెదిరి పోతుంది, చావదు. స్తంభం నుంచి లాగిన తీగలో కరెంటు నిలిచి ప్రవహించి ప్రాణం తీస్తుంది. మొదటిది చట్టబద్ధం. రెండవది కరెంటు దొంగతనం, వేట నేరం, మనిషి చస్తే అంతకు మించిన నేరం. కాని సోలార్ కంచె ఖర్చు ఒక్క రైతు భరించలేడు. పది మంది కలిసి పొలాల గుంపు చుట్టూ వేసుకుంటే ఎకరానికి పడే ఖర్చు తగ్గుతుంది.

పంట నష్టపోయినప్పుడు అటవీశాఖకు అర్జీ పెట్టుకుంటే పరిహారం ఇచ్చే నియమం ఉన్నది. నష్టం జరిగిన రోజే ఫోటో తీయించి, గిట్టల గుర్తులు చెరగకముందే బీటు అధికారికి, వ్యవసాయ విస్తరణ అధికారికి చూపించాలి. వారం తర్వాత వెళితే జింక తిన్నదో, మేక తిన్నదో ఎవరూ రాసి ఇవ్వరు. ఫసల్ బీమాలో అడవి జంతువుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్నది రాష్ట్రాలు నిర్ణయించాలి. 72 గంటల లోపల నష్టం తెలపాలి. జింకల బెడద ఉన్న మండలాలు ఆ జాబితాలో చేరేటట్లు ప్రజాప్రతినిధులు ఇప్పుడే పట్టుబట్టకపోతే తర్వాత వాపోయి లాభం లేదు.

జింకలను పట్టి అడవులకు తరలించాలన్న కోరిక నారాయణపేట రైతులది. పని కష్టమే. బెదిరితే చాలు, పట్టుబడిన జింక గుండె ఆగి చచ్చిపోయే ప్రమాదం ఉన్నది. అనుభవం గలవారు, తగిన వాహనాలు, ఓపిక కావాలి. అయినా చేయదగిన పనే.

షికారు రోజులు పోయినాయి. అవి తిరిగి రావలసిన అవసరమూ లేదు. జింకకు ఏ తూటా అని రైతు అడిగినప్పుడు అతనికి కావలసింది తూటా కాదు, మర్నాటికి నిలిచే పంట. పరిహారం అర్జీలను నెలల తరబడి ఉంచకుండా పంట కాలం లోపలే తేల్చడం, సోలార్ కంచెకు తగినంత సహాయం ఇవ్వడం, కరెంటు తీగల మీద ఊరూరా హెచ్చరించడం ప్రభుత్వం చేయగలిగిన పనులు. అటవీ, వ్యవసాయ, విద్యుత్ శాఖల అధికారులు పంట కాలానికి ముందే కలిసి కూర్చుని ఈ విషయమై శ్రద్ధ వహించవలసి ఉన్నది.